తుపాను లేని రోజుల్లోనూ ఊరు కలిసుండాలంటే

ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే ఉంటూ, ఊరికి ఏమీ కానట్టు బతికే మనుషులు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఇళ్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. కానీ కొడుకు గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో వెల్డరుగా ఉంటే, ఇక్కడ అరుగు మీద తల్లి పగలంతా ఒక్కతే కూర్చుంటుంది. భర్త వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌ పోతే, నెలల తరబడి పిల్లలు, అత్తమామలు, అప్పుల వాయిదాలు అన్నీ ఒక్క ఆడమనిషి మీద పడతాయి. డయాలసిస్ చేయించుకునే మనిషికి ఆసుపత్రికి వెళ్లిన రోజు ప్రయాణంతో, మిగతా రోజులు నీరసంతో గడిచిపోతాయి. పెళ్లికీ పేరంటానికీ పిలుపులు మెల్లగా తగ్గుతాయి. ఇరవై ఏళ్లు బయట పనిచేసి తిరిగొచ్చినవాడికి ఊళ్లో పలకరించే ఈడువాళ్లు మిగలరు.

ఒంటరితనం పలాసకో టెక్కలికో పరిమితమైన బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దీనితో బాధపడుతున్నారు. అయితే ఉద్దానానికి ఒక అనుభవం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు విరిగి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ రోజుల్లో గొడ్డలి ఉన్నవాడు రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు నరికాడు. బియ్యం ఉన్న ఇల్లు లేని ఇంటికి పంచింది. అంతకు ముందు సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులూ మత్స్యకారులూ ఒక్కటయ్యారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. అయినా దీక్షా శిబిరం ఏళ్ల తరబడి నడిచింది. ఇంకా వెనక్కి వెళితే, 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది పలాసలోనే. అదే ఏడాది మందస జమీందారీ మీద తిరగబడిన రైతుల్లో వీరగున్నమ్మ పోలీసు కాల్పులకు బలైంది.

కలవడం ఈ నేలకు కొత్తేమీ కాదు. మరి ఆపద గడిచిన మర్నాడు ఎవరి తలుపు వాళ్లు ఎందుకు వేసుకుంటారు? తుపాను రోజున ప్రతి మనిషికీ ఏదో ఒక పని ఉంటుంది. అందరూ చేరే చోటు ఒకటి ఉంటుంది. ‘నువ్వెందుకొచ్చావు’ అని ఎవరూ అడగరు. మామూలు రోజుల్లో ఈ మూడూ ఉండవు. వాటిని మామూలు రోజుల్లోకి తీసుకురావడం ఎలాగన్నదే ఈ అధ్యాయం. దీనికి సంఘం పేరు, రిజిస్ట్రేషన్, బ్యానరు అక్కర్లేదు. ముగ్గురు మనుషులు చాలు.

1. ముందు కనిపించనివాళ్ల లెక్క తీయాలి

చాలామంది వచ్చేవాళ్లతో మొదలుపెడతారు. ఎప్పుడూ వచ్చేవాళ్లే మళ్లీ వస్తారు, వాళ్లే ఫొటో దిగుతారు, వాళ్లే వెళ్లిపోతారు. అవసరం ఉన్నవాళ్ల ఇల్లు వీధి చివరే ఉండిపోతుంది. అందుకే పిలుపు కన్నా ముందు ఒక నోటుపుస్తకం కావాలి. ముప్ఫై నలభై ఇళ్ల వీధి ఒకటి ఎంచుకుని, ఇంటికో పేజీ రాసుకోవాలి. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు వలసలో ఉన్నారు, ఎవరికి నడవడం కష్టం అన్న వివరాలు ఇరుగుపొరుగును అడిగితేనే తెలుస్తాయి.

ఆ తరువాత ఇంటికి వెళ్లి మాటల మధ్యలో మూడు సంగతులు తెలుసుకోవాలి. ఈ వారంలో ఇంటివాళ్లతో కాకుండా ఎవరితో తీరిగ్గా మాట్లాడారు? అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ముందుగా ఎవరికి ఫోన్ చేస్తారు? చేతికి వచ్చిన పని ఏమిటి? మొదటి దానికి జవాబు ఆలస్యంగా వస్తే, రెండో దానికి ‘ఎవరున్నారు బాబూ’ అన్న మాట వస్తే, ఆ పేజీ మూల మడత పెట్టుకోవాలి. మూడోది మరిచిపోకూడదు. వల అల్లిక, ఎక్కాలు, జీడిమొక్కకు అంటు కట్టడం, దరఖాస్తులు రాయడం, జముకుల కథ పాడడం, ఏదైనా సరే రాసుకోవాలి. ముందు ముందు పిలుపంతా దాని మీదే ఆధారపడుతుంది.

సర్వే చేస్తున్నట్టు పెన్ను పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టకూడదు. పింఛను కోసమో పథకం కోసమో వచ్చారనుకుని మనుషులు బిగుసుకుపోతారు. పుస్తకం మన ఇంటికి తిరిగొచ్చాకే తీయాలి. అందులో ఉన్నది వీధిలో చర్చకు పెట్టకూడదు.

2. రోజు, వేళ ఒకసారి పెడితే మార్చకూడదు, చోటు మాటిమాటికీ మార్చకూడదు

‘వీలున్నప్పుడు కలుద్దాం’ అన్న మాటతో ఎన్నో మంచి ప్రయత్నాలు ఆగిపోయాయి. వీలు ఎవరికీ ఉండదు. వారానికి ఒక్క రోజు, ఒక్క గంట, ఒకే చోటు అని పెట్టుకుంటే, మొదటి నెల ఐదుగురే వచ్చినా ఆరో మనిషికి ఎక్కడికి రావాలో తెలుస్తుంది. రాలేనివాళ్లకు కూడా ఆ వేళకు ‘ఇప్పుడు అక్కడ కూర్చుని ఉంటారు’ అని మనసులో ఉంటుంది.

వేళ ఎంచుకోవడంలో ఊరి బతుకు చూడాలి. తెల్లవారకముందే సంద్రం మీదకు వెళ్లేవాళ్లు రాత్రి తొందరగా పడుకుంటారు. కాశీబుగ్గ, పలాస జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాలి. వాళ్లు లేకుండా మధ్యాహ్నం పెట్టే సమావేశం సగం ఊరిని వదిలేసినట్టే. డయాలసిస్‌కు వెళ్లేవాళ్ల రోజులు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ రోజులు తప్పించాలి. తీరం వెంబడి ఊళ్లలో మరపడవల వేటకు నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మొదలుపెట్టడం మంచిది. ఇక్కడి తీరంలోనే వేటాడే మగవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. ఆ రెండు నెలల్లో అలవాటైతే తరువాత వేటకు వెళ్లినా తిరిగొచ్చిన వారం వచ్చి కూర్చుంటారు.

చోటు గురించి కొంత ఎక్కువ ఆలోచించాలి. ఊరి పెద్ద ఇంటి వసారా సౌకర్యంగా ఉంటుంది, కానీ అక్కడ కొందరు గడప దగ్గరే ఆగిపోతారు. గుడి మండపమూ అంతే. బడి ఆవరణ, చెట్టు కింద రచ్చబండ, పంట లేని కాలంలో కళ్లం, గ్రంథాలయం ఉన్న ఊళ్లో దాని వరండా నయం. తీరగ్రామాల్లో తుపాను షెల్టర్లున్నాయి. పంచాయతీని అడిగి వాటిని వారానికో గంట తెరిపిస్తే ఇంకో మేలు కూడా ఉంది. అలవాటైన చోటికి గాలివాన రాత్రి ముసలివాళ్లు కూడా మొరాయించకుండా కదులుతారు. తాళం ఎవరి దగ్గరుందో, నీళ్ల తొట్టిలో నీళ్లున్నాయో లేదో ముందే తెలిసి ఉంటుంది.

కుర్చీలు అందరికీ సరిపోకపోతే ఎవరికీ వెయ్యకూడదు, మోకాళ్ల నొప్పులవాళ్లకు తప్ప. నలుగురు కుర్చీల మీద, నలభై మంది నేల మీద కూర్చున్న చోట ఆ నలుగురే మాట్లాడతారు.

3. కబుర్ల కన్నా పనికి పిలవడం మేలు

‘రండి, మాట్లాడుకుందాం’ అంటే ఒంటరిగా ఉన్న మనిషికి భయం. ఏం మాట్లాడాలి? అందరూ తననే చూస్తారేమో? ‘రండి, ఈ విత్తనాలు వేరుచెయ్యాలి’ అంటే వస్తారు. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే కదులుతుంది. ముఖ్యంగా మగవాళ్ల విషయంలో ఇది నిజం. ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు విప్పనివాళ్లు పక్కపక్కన నిలబడి పనిచేస్తూ పదేళ్ల బాధ చెప్పుకుంటారు.

టెక్కలి మండలం తేలినీలాపురం చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఏటా వానాకాలం చివర గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఆ ఊరికి వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరే ఈడు వచ్చాక వేసవిలో వెళ్లిపోతాయి. ఊరివాళ్లకు అవి శుభం. వాటికి ఎవరూ హాని తలపెట్టరు. తన పెరటి చెట్టు మీద గూడున్న ముసలమ్మకు ఆ నెలలన్నీ చూసుకోవడానికి ఒక బాధ్యత, చెప్పుకోవడానికి ఒక కబురు ఉంటాయి. పక్షులను కాపాడే ఊరు తనకు తెలియకుండానే ఒక ఉమ్మడి పని పెట్టుకుంది.

ప్రతి ఊరికీ కొంగలు రావు, కానీ పని ప్రతి ఊళ్లోనూ ఉంది. తిత్లీ తరువాత మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. ఆ తోటల్లో చెట్ల మొదళ్లు శుభ్రం చేయడం, కొత్త మొక్కలకు నారుమడి వేయడం కలిసి చేయగల పనులు. తీరంలో శీతాకాలం చివర సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను కుక్కల నుంచి కాపాడడానికి కుర్రవాళ్లు కావాలి. బడి పిల్లలకు సాయంత్రం చదువు, చెరువుగట్టు మీద ముళ్లకంపల నరికివేత, అమ్మవారి సంబరాలకు తప్పెటగుళ్ల సాధన కూడా అలాంటివే. పని చిన్నదిగా ఉండాలి, గంటలో ఎంతో కొంత కళ్లకు కనిపించాలి. పెద్ద పని తలకెత్తుకుని మధ్యలో వదిలేస్తే ఊరికి ఇంకో సంఘం చచ్చిపోయిందన్న మాటే మిగులుతుంది.

4. సాయం చేయడంతో ఆగకుండా సాయం అడగాలి

మంచి మనసున్నవాళ్లే ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ఒంటరివాళ్ల దగ్గరకు పళ్లూ దుప్పట్లూ పట్టుకెళ్లి, ఇచ్చి, వచ్చేస్తారు. తీసుకున్న మనిషి మర్నాటికి మరింత చిన్నబోతాడు. తానూ ఊరికి కావలసినవాణ్ననే నమ్మకం తీసుకున్నప్పటికన్నా ఇచ్చినప్పుడే కలుగుతుంది. కిడ్నీ జబ్బుతో తోటపని మానేసి, గడప దాటని ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. పక్కింటి కుర్రాడు వెళ్లి ఇలా అడగవచ్చు:

‘మావా, ఆదివారం బడి కాడికొస్తావా? పిల్లలకి ఎక్కాలు సెప్పీవోళ్లు నేరు.’

‘నానేటి సెప్తానురా, ఓపిక నేదు.’

‘కూకునే సెప్పు. ముగ్గురే పిల్లలు. నాను బండి మీద తీసుకెల్లి తీసుకొస్తాను.’

ఈ నాలుగు మాటల్లో ఎంత ఉందో గమనించాలి. పని ఏమిటో తెలుసు, ఏ రోజో తెలుసు, ఎంతమందో తెలుసు, రాకపోకల బెంగ లేదు. జాలి ఎక్కడా లేదు. మొదటి వారం రాకపోతే రెండో వారం మళ్లీ అడగాలి, అంతే మామూలుగా. ‘పాపం, మీరు ఇంట్లో ఒక్కరే ఉంటారు కదా’ అని మొదలుపెడితే ఆ పెద్దాయన తలుపు ఇంకాస్త దగ్గరకు వేసుకుంటాడు.

జింబాబ్వే రాజధాని హరారేలో 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆ దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆయన అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్కబల్లల మీద కూర్చోబెట్టాడు. బాధలో ఉన్నవాళ్లు వచ్చి ఆ అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. ఫలితం బాగుందని పరిశోధనల్లో తేలి, ఆ పద్ధతి ఇతర దేశాలకూ వెళ్లింది. బల్ల మీద కూర్చున్న అవ్వకు కూడా అది మేలు చేస్తుంది, ఎందుకంటే ఊరికి ఆమె కావాలి. ఉద్దానంలో అరుగుల మీద కూర్చున్న అవ్వలకు కొరత ఉందా?

5. డయాలసిస్ ఇంటికి తోడు

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు రెండు దశాబ్దాలకు పైగా ఇళ్లను కుంగదీస్తోంది. కారణం ఇదీ అని ఇంకా కచ్చితంగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలున్నాయి, రోగులకు పింఛను వస్తోంది. ఇవన్నీ అవసరమే. ఇరుగుపొరుగు మాత్రమే చేయగల పని ఇంకొంత మిగిలి ఉంది.

డయాలసిస్ ఒక్కసారికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. రాకపోకలు కలిపితే ఒక రోజు. వారానికి రెండు మూడు రోజులు రోగితో పాటు ఇంకొకరికి కూలి పోతుంది. సాధారణంగా భార్యకు. వీధిలో ఆరుగురు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి రెండు మూడు వారాలకు ఒక రోజు వస్తుంది. వంతుల పట్టిక కాగితం మీద రాసి ఆ ఇంటి గోడకు అంటించాలి. నోటిమాట వంతులు నెల దాటవు. తోడు వెళ్లినవాళ్లకు ప్రత్యేకమైన నేర్పేమీ అక్కర్లేదు. బయట బెంచీ మీద కూర్చోవడం, లోపలికి పిలిస్తే వెళ్లడం, తిరుగు ప్రయాణంలో కళ్లు తిరిగితే పట్టుకోవడం, ఇంట్లో దింపడం చాలు. మిగిలిన ఇరుగుపొరుగు ఆ పూట పిల్లలకు అన్నం పెడితే ఇంటి ఇల్లాలు కూలికి వెళ్లగలుగుతుంది.

చాలా స్నేహాలు ఆగిపోయేది మర్యాద దగ్గర. ఉద్దానంలో ఇంటికొచ్చిన మనిషికి కొబ్బరిబోండం కొట్టి ఇవ్వడం రివాజు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు పొటాషియం ఎక్కువున్న కొబ్బరినీళ్లు ప్రమాదం. అరటిపండు, పనసతొనలు కూడా డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. నీళ్లు, టీ సైతం రోజుకింతేనని లెక్క. ఇవ్వబోయినవాళ్లు నొచ్చుకుంటారు, వద్దన్నవాళ్లు సిగ్గుపడతారు. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక రాకపోకలు తగ్గిపోతాయి. దీనికి విరుగుడు తేలిక. వారపు కలయికలో ఎవరికీ బోండాలూ టీలూ పెట్టకుండా ఉంటే ఒక్కరు విడిగా కనిపించరు. ఇంటికి వెళ్లేవాళ్లు ‘ఏం తీసుకోమన్నారు డాక్టరుగారు?’ అని ముందే ఒక్కమాట అడిగితే సరిపోతుంది.

ఇంకో సంగతి నలుగురిలో గట్టిగా చెప్పాల్సింది. ఈ జబ్బు అంటుకోదు. పక్కన కూర్చుంటే రాదు, కలిసి తింటే రాదు. అయినా జబ్బున్న ఊరి పిల్లను చేసుకోవడానికి, ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడే సంబంధాలవాళ్లున్నారు. ఊరి పెద్దలు, టీచర్లు, ఆశా కార్యకర్తలు ఆ మాట పెళ్లిచూపుల ఇళ్లలో కూడా ధైర్యంగా చెప్పాలి. తెలిసీ మౌనంగా ఉండడం అన్యాయం.

6. వీధి గీతలు, కులం, పార్టీ

కలయిక విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. మొదలుపెట్టిన ముగ్గురూ ఒకే వీధివాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే పార్టీవాళ్లు అయితే ఎంత మంచి పనైనా ‘వాళ్ల సంగతి’ అయిపోతుంది. మత్స్యకారుల వాడ, ఎస్సీ వీధి, తోటలున్నవాళ్ల వీధి పక్కపక్కనే ఉండి కూడా పలకరింపుల దగ్గరే ఆగిపోయిన ఊళ్లున్నాయి. అందుకే మొదటి ముగ్గురు మూడు వీధులవాళ్లు కావాలి. అలా కుదిరేదాకా ఆగాలి. పిలుపు కూడా ఆ వీధి మనిషే వెళ్లి చెప్పాలి. కలిసే చోటు కొన్ని నెలలకొకసారి వీధి మారవచ్చు, రోజూ వేళా మాత్రం మారకూడదు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో నేస్తం కట్టడమనే ఆచారం ఉంది. వేరే కులంవాళ్లయినా సరే ఇద్దరు నేస్తాలైతే ఒకరి ఇంటి శుభకార్యాలకు ఇంకొకరు సొంతవాళ్లలా నిలబడతారు. తల్లిదండ్రులను అమ్మా నాన్నా అనే పిలుస్తారు. బంధుత్వం లేనిచోట బంధుత్వాన్ని తయారుచేసుకున్న పద్ధతి ఇది, చాలా గొప్పది. దాన్ని ఇంకాస్త వెడల్పు చేయవచ్చు. రెండు వీధుల నుంచి ఇద్దరిద్దరిని జతచేసి ఒకే పని ఇవ్వాలి: ఒక వంతు తోడు, ఒక నారుమడి, ఒక తరగతి. కలిసి పనిచేసిన ఇద్దరు ఆ తరువాత ఏమవుతారో వాళ్లకే వదిలెయ్యాలి.

ఎన్నికల ముందు మూడు నెలలు జాగ్రత్త. ఎవరు కండువా కప్పుకుని వచ్చినా కూర్చోమనాలి, కండువా మాత్రం తీసి కూర్చోమనాలి. అన్ని పార్టీలకూ అదే నియమం. ఎవరి బ్యానరూ కట్టకూడదు, ఎవరి డబ్బుతోనూ భోజనాలు పెట్టకూడదు.

7. బయట ఉన్నవాళ్లు ఊళ్లో ఉన్నట్టే

వలస వెళ్లినవాళ్లు అమ్మవారి సంబరాలకు చందాలు పంపుతారు, గుడికి రంగులు వేయిస్తారు. వాళ్ల నుంచి ఊరు డబ్బు అడుగుతుంది, మరేమీ అడగదు. ఇచ్ఛాపురం దగ్గరి కుర్రాడు దుబాయిలో పన్నెండు మంది ఉండే గదిలో పడుకుని ఊరి వాట్సాప్ గ్రూపు తెరిస్తే అందులో శుభోదయాలు, నాయకుల ఫొటోలు తప్ప ఇంకేముంటాయి? ఆ గ్రూపునే పనికొచ్చేలా చేయవచ్చు. వారపు కలయికలో జరిగిన పని ఒక్క ఫొటో, రెండు వాక్యాలు. ఎవరింట్లో ఎవరికి బాగోలేదు, వాళ్లింటివాళ్లు చెప్పమంటేనే. ఫార్వర్డు సందేశాలు వద్దని ముందే చెప్పుకోవాలి.

అంతకన్నా మేలైంది, ఊళ్లో ఒకరు బయట ఉన్న ఒకరికి జత. నెలకోసారి ఫోన్. ఇంట్లో అమ్మ ఎలా ఉందో చూసొచ్చి చెప్పే మనిషి ఊళ్లో ఉన్నాడంటే ఆ కుర్రాడికి నిద్ర పడుతుంది. అమ్మ గడప కూడా నెలకోసారి ఒక మనిషి తొక్కుతాడు. వెల్డింగు నేర్చుకుంటున్న పిల్లలకు ఏజెంట్ల మోసాల గురించి, వీసా కాగితాల గురించి అనుభవమున్నవాడే ఫోన్లో చెబితే అది ఇచ్చిపుచ్చుకోవడమూ అవుతుంది.

శాశ్వతంగా తిరిగొచ్చినవాళ్లను మొదటి పక్షంలోనే పిలవాలి. మూడు నెలలు ఎవరూ పిలవకపోతే ‘ఇక్కడ నాకెవరున్నారు’ అన్న ఆలోచన గట్టిపడుతుంది. అరబ్బు దేశంలో పెద్ద వంటశాలలో పనిచేసిన మనిషికి సంబరాల వంట అప్పగిస్తే చాలు.

8. డబ్బు

మొదటి ఆరు నెలలు పైసా వసూలు చేయకూడదు. ఆ తరువాత కూడా తప్పనిసరైతేనే. డ్వాక్రా సంఘాల అనుభవం ఇక్కడ పాఠం: పది పదిహేను మంది, చిన్న పొదుపు, పుస్తకంలో లెక్క, అందరి ముందూ చదవడం. అందుకే అవి నిలబడ్డాయి. ఆ సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకు లెక్కల పుస్తకం అప్పగించడం అన్నిటికన్నా క్షేమం. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. చిట్టీలు, అప్పులు ఈ కలయికలోకి రానివ్వకూడదు. బాకీపడిన మనిషి మొహం చాటేస్తాడు. ఎవరిని రప్పించడానికి ఇదంతా మొదలైందో వాళ్లే దూరమవుతారు.

9. రావడం మానేసినవాళ్లు

మూడు వారాలు వరసగా రాని మనిషి ఇంటికి నాలుగో వారం లోపల ఎవరో ఒకరు వెళ్లాలి. ‘ఎందుకు రావట్లేదు?’ అన్న ప్రశ్న నిలదీసినట్టుంటుంది. ‘ఏటప్పా, అగుపడ్డం నేదు, బాగున్నావా?’ అంటే చాలు. చాలాసార్లు కారణం చిన్నది: మాట పట్టింపు, మనవడి పరీక్షలు, చెప్పు తెగడం. మాట పట్టింపైతే నొప్పించినవాళ్లే వెళ్లడం పద్ధతి. పది మందిలో పంచాయితీ పెట్టకూడదు.

కొన్నిసార్లు కారణం పెద్దది. అప్పుల భారం, ఇంట్లో చావు, డయాలసిస్ మానేస్తానన్న మాట, ‘నాను బతికి ఎవరికి లాభం’ అన్న మాట. అవి విన్నప్పుడు ధైర్యవచనాలతో సరిపెట్టి వచ్చేయకూడదు. ఆ పూట మనిషిని ఒంటరిగా వదలకూడదు, పురుగుమందు డబ్బాలాంటివి ఇంట్లోంచి తీసేయాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ కలిపి ఇచ్చి పక్కన కూర్చోవాలి. డాక్టరు దగ్గరకు వెళ్లాల్సొస్తే తోడు వెళ్లాలి. ఇలాంటి ఇంటికి ఒక్కరే వెళుతూ ఉంటే ఆ ఒక్కరూ అలసిపోతారు. ఇద్దరు వంతులుగా వెళ్లాలి, వాళ్లిద్దరూ తమలో తాము మాట్లాడుకుంటూ ఉండాలి. ఆ మనిషి కోలుకుని మళ్లీ వచ్చిన రోజున ఏమైందని ఎవరూ అడగకుండా, ఇంతకుముందు చేస్తున్న పనే తిరిగి చేతికివ్వాలి.